శ్రీశైలం లోయ దారి, పెద్దవాళ్లతో: ఒక్క రోజులో పోయి రావొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 74 ఏళ్లు, అమ్మగారికి 68, ఆమెకు మోకాళ్ల నొప్పులు. గుడి దర్శనంతో పాటు, కృష్ణ నల్లమల కొండల్ని కోసుకుంటూ పోయే ఆ లోయను కారులో కూర్చుని తీరిగ్గా చూడాలని వాళ్లకు ఎప్పటి నుంచో ఉంది. హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చా? డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడే వెళ్లాలా? ఘాట్ రోడ్డు అలవాటు లేని మీరే నడపొచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఒక్క రోజులో వద్దు, ఒక రాత్రి అక్కడ ఉండండి. గేట్లు ఎత్తిన శని, ఆదివారాల్లో పెద్దవాళ్లను తీసుకుని అసలు వెళ్లొద్దు. కారు మీరే నడపొచ్చు, కానీ దిగుడులో గేర్ మీద బండి దించడం ముందే అలవాటు చేసుకోండి. మీకు వీలుంటే కార్తీక మాసం అయిపోయాక, సంక్రాంతి సెలవులు మొదలు కాకముందు, మామూలు పనిదినాల్లో పెట్టుకోండి.

నేను పందొమ్మిదేళ్లుగా సొంత కారు అద్దెకు నడుపుతున్నాను. నెలకు రెండు మూడు సార్లయినా శ్రీశైలం పోతాను. ఎక్కువగా నా బండి ఎక్కేది మీ అమ్మానాన్నల వయసు వాళ్లే. అందుకని వాళ్లను మనసులో పెట్టుకునే రాస్తున్నాను.

గండికోట, పాపికొండలు కూడా అనుకుంటున్నాం అన్నారు. రెండూ బాగుంటాయి. అయితే గండికోటలో కారు పైన ఆపి, బండరాళ్ల మీద నడుచుకుంటూ అంచు దాకా వెళ్తేనే పెన్నా లోయ కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ రాళ్లు కష్టం. పాపికొండల మధ్యకు గోదావరి మీద పడవలో వెళ్లాలి, ఎక్కడం దిగడం ఉంటుంది. శ్రీశైలం దారిలో అయితే కారే లోయలోకి దిగుతుంది, అడుగున వంతెన మీద నది దాటుతుంది, అవతలి కొండ ఎక్కుతుంది. అమ్మగారు సీటులోంచి లేవకుండానే పై అంచు నుంచి నీళ్ల దాకా మొత్తం చూడొచ్చు. మీకు ఇదే సరైనది.

ఒక్క రోజు ఎందుకు చాలదంటే

హైదరాబాద్ నుంచి డ్యామ్ దాకా దాదాపు 215 కిలోమీటర్లు. ఆ లెక్క చూసి నాలుగున్నర గంటలే కదా అనుకుంటారు. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూర్ వరకు ఉన్న 140 కిలోమీటర్లకు ఆ వేగం లెక్క సరిపోతుంది. మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక మీరు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఉన్నట్టు. అక్కడ తొందరపడకూడదు, తొందరపడితే వచ్చిన పనే పాడవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ అడవి దారి మూసేస్తారు. జంతువులు రోడ్డు దాటే వేళ కాబట్టి ఏ కారునూ వదలరు. ఒక్క రోజులో రావాలనుకున్నవాళ్లకు దర్శనం లైన్లో ఆలస్యం అవుతుంది. సాయంత్రం ఐదున్నరకు బయలుదేరతారు, చీకట్లో మలుపులు దిగుతారు, గేటు మూసేస్తారేమో అని టెన్షన్. ఇంత దూరం ఏ లోయ కోసం వచ్చారో అది రెండుసార్లు దాటినా కళ్లకు కనపడదు.

మొదట్లో నాకూ ఒకసారి ఈ దెబ్బ తగిలింది. పోయేటప్పుడు దారిలో టైరు పంక్చర్ అయి, మన్ననూర్ గేటుకు చేరేసరికి తొమ్మిదీ పావు. బండిలో ఇద్దరు ముసలివాళ్లు, ఒక పసిబిడ్డ. ఎంత బతిమాలినా లాభం లేదు, వాళ్ల డ్యూటీ వాళ్లది. వెనక్కి అచ్చంపేట దాకా వెళ్లి గది దొరికించుకునేసరికి పన్నెండు దాటింది. పెద్దాయన షుగర్ మాత్రలు సామాన్లలో ఎక్కడో అడుగున ఉండిపోయాయి. అప్పటి నుంచి పోయేటప్పుడైనా, తిరుగు ప్రయాణంలోనైనా సాయంత్రం ఆరు లోపు మన్ననూర్ దాటేలా చూసుకుంటున్నాను. మందులు మాత్రం ఎప్పుడూ ముందు సీటు దగ్గర చేతి సంచిలోనే పెట్టిస్తాను.

గేట్లు ఎత్తిన రోజు గురించి

పైన కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ డ్యామ్‌లు నిండాలి, తర్వాత జూరాల దాటాలి, అటు నుంచి తుంగభద్ర నీళ్లు కలవాలి. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. దానికి దగ్గర పడ్డాక, ఎక్కువగా జూలై చివరి నుంచి సెప్టెంబరు లోపు, గేట్లు ఎత్తుతారు. మొత్తం 12 గేట్లు. అన్నీ ఎత్తితే ఆ దృశ్యం నిజంగా గొప్పదే, నేను కాదనను. నీటి తుంపర మంచులా లేచి రోడ్డు మీదకు వస్తుంది, వాన లేకపోయినా వైపర్ వేయాల్సి వస్తుంది. మాట్లాడితే పక్క సీటులో మనిషికి వినపడదు.

కానీ టీవీలో గేట్లు చూపించిన ఆ వారాంతం రెండు రాష్ట్రాల కార్లూ అక్కడే ఉంటాయి. దారి ఉన్నదే రెండు వరుసలు. మలుపు దగ్గర నలుగురు కార్లు ఆపి ఫొటోలకు దిగితే చాలు, వెనక రెండు కిలోమీటర్లు ఆగిపోతుంది. అలాంటి ఒక ఆదివారం, దిగుడు మొదలయ్యే ఈగలపెంట నుంచి కింద వంతెన దాకా చేరడానికి నాకు మూడున్నర గంటలు పట్టింది. బండిలో ఉన్న ఒక పెద్దావిడకు మధ్యలో బాత్రూంకు వెళ్లాల్సి వచ్చింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, ముందూ వెనకా జనం. ఆమె కోడలు చీర అడ్డం పట్టుకుని నిలబడింది. ఆ పెద్దావిడ తర్వాత రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మొహం చూశాక, పెద్దవాళ్లున్న కుటుంబాలకు గేట్ల వారాంతం బుకింగ్ నేనే వద్దని చెప్తున్నాను.

గేట్లు చూడాలని మరీ ఉంటే మంగళ, బుధవారాల్లో, పొద్దున తొమ్మిది లోపు ఆ చోటికి చేరేలా వెళ్లండి.

గేట్లు మూసి ఉన్నప్పుడు ఏం చూస్తాం అని చాలామంది అడుగుతారు. అసలు లోయ అప్పుడే కనపడుతుంది! నీళ్లు దూకుతున్నప్పుడు అందరి కళ్లూ తెల్లటి నురగ మీదే ఉంటాయి, రాతి గోడలను ఎవరూ చూడరు. గేట్లు మూసి ఉన్న డిసెంబరు ఉదయం వంతెన దగ్గర నదికి రెండు పక్కలా చూడండి. షాబాద్ బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, కొండ అడుగు నుంచి పై దాకా అరలు అరలుగా ఉంటుంది. భూగర్భ శాస్త్రం వాళ్లు దీన్ని క్వార్ట్‌జైట్ అంటారు, ఇసుకరాయి వేడికీ ఒత్తిడికీ గట్టిపడితే వచ్చే రాయి. కొన్ని అరలు ఇటుక రంగు, కొన్ని గోధుమ రంగు, నీరు కారిన చోట నల్లటి చారలు. గట్టి రాయి కాబట్టే నది ఎంత కోసినా గోడలు కూలకుండా నిట్టనిలువుగా నిలబడ్డాయి. నది ఇంత ఇరుకున, ఇంత గట్టి రాయి మధ్య పారుతుంది కాబట్టే డ్యామ్‌కు ఈ చోటు కుదిరింది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. కట్టడం పూర్తయ్యేసరికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు. ఇంత ఎత్తు కట్టడం కూడా ఆ కొండల మధ్య చిన్నదిగానే కనిపిస్తుంది.

నాలుగేళ్ల కిందటి మాట. ఒకాయన విదేశం నుంచి వచ్చి, ఎనభై దాటిన వాళ్లమ్మను తీసుకెళ్లమన్నారు. ఈగలపెంట దాటి దిగుతుంటే డ్యామ్ మొదటిసారి కనపడే చోట ఆమె "నాయనా, ఒక్క నిమిషం ఆపు" అంది. కాస్త కిందకు పోనిచ్చి, రోడ్డు వెడల్పున్న చోట పిట్టగోడ పక్కన ఆపాను. ఆమె భర్త ఆ డ్యామ్ కట్టేటప్పుడు కాంక్రీటు పనిలో మేస్త్రీ అట. పెళ్లయి కాపురానికి వచ్చింది సున్నిపెంటకే. రాత్రిపూట లోయంతా లైట్లు వేసి పని జరుగుతుంటే, అన్నం క్యారియర్ పట్టుకుని పైన నిలబడి ఆయన కోసం ఎదురు చూసేదాన్నని చెప్పింది. తలుపు తెరిచి, కాళ్లు బయట పెట్టి, సీటులోనే ముప్పావుగంట కూర్చుంది. వేలితో గాలిలో గీసి చూపించింది, "అదిగో, ఆ పక్క మూల ఆయన పోసింది" అని. కొడుకుకు ఆ సంగతులు చాలా వరకు తెలియవట. ఆయన కింద రోడ్డు మీద కూర్చుని వింటూ ఉన్నాడు. ఆ రోజు మేము ఇంకేమీ చూడలేదు, సున్నిపెంట కాలనీలో వాళ్ల పాత క్వార్టర్ల వరస వెతుక్కుని వెనక్కి వచ్చేశాం. గంటల లెక్క పెట్టుకుని వెళ్లి ఉంటే ఆ ముప్పావుగంట ఆమెకు దొరికేది కాదు. ఒక రాత్రి ఉండమని నేను అంత గట్టిగా చెప్పడానికి ఇదో కారణం.

ఏ నెలలో వెళ్లాలి

కార్తీక మాసంలో, అందులోనూ సోమవారాల్లో, శ్రీశైలంలో కాలు పెట్టే చోటు ఉండదు. మహాశివరాత్రికి అంతే. ఉగాదికి కర్ణాటక నుంచి భక్తులు లక్షల్లో వస్తారు, చాలామంది కాలినడకనే వస్తారు. చైత్ర పౌర్ణమికి ఫరహాబాద్ లోపల సలేశ్వరం జాతర, ఆ రోజుల్లో అడవి దారి అంతా బండ్లే. ఇవన్నీ తీసేయండి.

మిగిలిన వాటిలో నాకు నచ్చేది డిసెంబరు. వానలు ఆగి గాలి శుభ్రంగా ఉంటుంది, దూరపు కొండ కూడా స్పష్టంగా కనిపిస్తుంది, చెట్లకు ఇంకా ఆకు ఉంటుంది. సెప్టెంబరు పనిదినాలు పచ్చదనానికి బాగుంటాయి కానీ వాన పడితే దిగుడు జారుతుంది, మొదటిసారి నడిపే మీకు వద్దు. ఫిబ్రవరి చివర్లో ఆకు రాలిపోయి అడవి బోసిగా ఉన్నా, మోదుగ పూలు ఎర్రగా విరగబూస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ రాతి లోయ పొయ్యిలా కాలుతుంది, పెద్దవాళ్లతో వద్దే వద్దు.

దారి ఎలా సాగాలి

పొద్దున ఐదున్నరకు బయలుదేరండి. కల్వకుర్తిలో టిఫిన్. అమ్మగారికి కారులో వికారం ఉంటుందని రాశారు కాబట్టి ఇడ్లీ రెండు చాలు, పూరీ, మైసూర్ బజ్జీ లాంటి నూనె వస్తువులు వద్దు. ఖాళీ కడుపు కూడా వద్దు, అప్పుడు తిప్పడం ఇంకా ఎక్కువ అవుతుంది. ఆమెను ముందు సీటులో కూర్చోబెట్టి, ఫోన్ చూడకుండా దూరంగా రోడ్డు మీదే చూపు పెట్టమనండి. వాంతి మాత్ర అలవాటుంటే వాళ్ల డాక్టర్‌ను అడిగి, ఘాట్‌కు అరగంట ముందు వేయండి. నిమ్మకాయ ఒకటి కోసి దగ్గర పెట్టుకోండి, నా బండిలో అది ఎప్పుడూ ఉంటుంది.

డిండి దగ్గర చెరువు గట్టు కనిపిస్తుంది, కాళ్లు చాచుకోవడానికి పది నిమిషాలు ఆగొచ్చు. అడవిలోకి వెళ్లే ముందే, హాజీపూర్ చుట్టుపక్కల డీజిల్ గానీ పెట్రోల్ గానీ ఫుల్ చేయించండి. బాత్రూం పని కూడా మన్ననూర్ లోపే ముగించుకోండి. లోపల ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. గది బుకింగ్ మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మన్ననూర్ దాటగానే చిన్న ఘాట్, తర్వాత దారి మళ్లీ పీఠభూమి మీద సాఫీగా పోతుంది. ఇక్కడ అద్దాలు దించి, ఏసీ ఆపి, నలభై లోపు వేగంతో పోనివ్వండి. మద్ది, తునికి, ఏగిస చెట్లు రెండు పక్కలా ఉంటాయి. ఉదయం వేళ దుప్పులు కనిపించొచ్చు. నెమళ్లు దాదాపు ఖాయం. కోతులు కనిపించగానే మాత్రం అద్దాలు ఎక్కించండి, ఏమీ పెట్టొద్దు. అరటిపండు విసిరితే అవి రోడ్డుకు అలవాటు పడి బండ్ల కింద పడుతున్నాయి. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు అడవిలో పారేయకండి. మీ ఊరి పేర్లలో కనిపించని ఒక మాట ఇక్కడ మాటిమాటికీ వస్తుంది, "పెంట". చెంచుల గూడేన్ని పెంట అంటారు. దోమలపెంట, ఈగలపెంట, సున్నిపెంట అన్నీ అలా వచ్చినవే. నాన్నగారికి ఇలాంటివి ఇష్టమైతే చెప్పండి, దారి పొడుగునా వెతుక్కుంటారు.

వటవర్లపల్లి దగ్గర మల్లెల తీర్థం బోర్డు కనిపిస్తుంది. జలపాతం బాగుంటుంది గానీ మూడు వందలకు పైగా మెట్లు దిగి ఎక్కాలి. అమ్మగారికి వద్దు. దాని బదులు దోమలపెంట వైపు వెళ్తుంటే వచ్చే ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర ఆగండి. పై నుంచి చూస్తే కృష్ణ కొండ కొమ్ముల చుట్టూ పాయలు పాయలుగా మెలికలు తిరిగి ఉంటుంది. నది ఇంత వంకర్లు తిరుగుతుందని కింద వంతెన మీద తెలియదు, ఇక్కడే తెలుస్తుంది. కొంచెం నడక ఉంటుంది కాబట్టి గేటు దగ్గరే ఎంత దూరమో అడిగి, అమ్మగారికి కుదురుతుందో లేదో చూసుకోండి.

ఈగలపెంట నుంచి అసలు దిగుడు మొదలవుతుంది.

దిగుడులో బండి ఎలా దించాలి

ఇది జాగ్రత్తగా చదవండి. పాత డ్రైవర్లు నాకు నేర్పిన మొదటి మాట, ఏ గేర్‌లో ఎక్కుతామో ఆ గేర్‌లోనే దిగాలి. ఇక్కడ అది రెండో గేర్. మరీ తిరుగుడు మలుపులో మొదటి గేర్. క్లచ్ మీద కాలు తీసేయండి, బండి బరువును ఇంజినే పట్టుకుంటుంది. మీది ఆటోమేటిక్ అయితే డీలో వదిలేయకుండా ఎల్‌లో గానీ మాన్యువల్ మోడ్ రెండులో గానీ పెట్టండి. న్యూట్రల్‌లో దించడం, ఇంజిన్ ఆపి దించడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయం ఉండదు, స్టీరింగ్ బిగుసుకుంటుంది.

బ్రేకును పట్టి ఉంచకండి. గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదలండి, మళ్లీ అవసరమైనప్పుడు నొక్కండి. నేను కొత్తలో ఇది సరిగా తెలియక, ఏడుగురు మనుషులు, పైన సామాను, మొత్తం దిగుడు బ్రేకు మీద కాలు పెట్టే దిగాను. మూడో వంతు దిగేసరికి కాలిన రబ్బరు లాంటి వాసన వచ్చింది. మొదట ముందున్న లారీది అనుకున్నాను. తర్వాత పెడల్ మెత్తగా లోపలికి పోవడం మొదలైంది. ఎప్పుడూ సగంలో పట్టేది, ఈసారి కింద దాకా వెళ్లి అప్పుడు పట్టింది. చేతులు చల్లబడ్డాయి. మొదటి గేర్‌లోకి మార్చి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ కొండ వైపు వెడల్పున్న చోటికి చేర్చి ఆపాను. వెనక సీటులో ఎవరికీ తెలియదు, వాళ్లు పాటలు వింటున్నారు. నలభై నిమిషాలు ఆగితే బ్రేకు మామూలుగా వచ్చింది. ఇలా ఎప్పుడైనా జరిగితే కాలిన చక్రాల మీద నీళ్లు పోయకండి, డిస్క్ వంగిపోతుంది, పగలొచ్చు కూడా. ఊరికే ఆగి చల్లారనివ్వండి, అంతే.

ఎక్కే బండికి ముందు దారి ఇవ్వాలి. అది ఆగితే మళ్లీ కదలడం కష్టం, మనం ఆగితే ఏమీ కాదు. మలుపు ముందు హారన్ కొట్టండి. ఆర్టీసీ బస్సు ఎదురొస్తుంటే మలుపులోకి దూరకండి, పది గజాల ముందే ఆగండి. ఆ పొడుగు బండికి తిరగడానికి రోడ్డు మొత్తం కావాలి. వెనక ఎవరో హారన్ మోగిస్తున్నారని వేగం పెంచొద్దు. వెడల్పున్న చోట పక్కకు తీసి వాళ్లను పోనివ్వండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

బయలుదేరే ముందు రోజు బ్రేకు ప్యాడ్లు, టైర్లు, స్టెప్నీలో గాలి, కూలెంట్ చూపించుకోండి. కూలెంట్ ఎందుకంటే వంతెన దాటాక సున్నిపెంట వైపు ఎక్కుడు ఉంటుంది. వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపండి.

ఘాట్ అలవాటు కోసం ముందు ఒక ఆదివారం పొద్దున్నే ఒక్కరే అనంతగిరి గుట్టలకు వెళ్లి రండి. వికారాబాద్ దగ్గర ఆ మలుపులు చిన్నవే అయినా, రెండో గేర్‌లో బ్రేకు తక్కువ వాడి దించడం కాలికి అలవాటవుతుంది.

వంతెన, ఆ పైన

వంతెన మీద ఆపకూడదు, దాటాక లింగాలగట్టు వైపు ఆపండి. డ్యామ్ దిగువన చేపలు పట్టేవాళ్లు పుట్టీల్లో తిరుగుతూ కనిపిస్తారు. గేట్లు మూసి ఉన్నప్పుడు నీళ్లు ఆకుపచ్చగా, చాలాచోట్ల కదలనట్టే ఉంటాయి. కింద నాగార్జునసాగర్ నిండినప్పుడు దాని నీళ్లు ఇక్కడిదాకా ఎగదన్ని నిలబడతాయి. ఎడమ గట్టు మీద, అంటే తెలంగాణ వైపు, కొండ లోపల భూగర్భంలో 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది. అందులోని యంత్రాలు నీళ్లను మళ్లీ పైకి తోడగలవు కూడా. నాన్నగారు కరెంటు ఆఫీసులో పనిచేశారని రాశారు కదా, ఆ గుట్ట చూపిస్తే ఆయనకే ఇంకా ఎక్కువ తెలిసి ఉంటుంది.

రోడ్డు పక్కన చేపల వేపుడు అమ్ముతారు. పెద్ద పెనం మీద ఎర్రగా కారం పట్టించిన ముక్కలు, నూనెలో అంచులు కరకరలాడే దాకా తిప్పుతారు. దర్శనానికి వెళ్లేవాళ్లు తినరు, తిరుగు ప్రయాణంలో తింటారు. అప్పుడే కళ్ల ముందు వేయించింది అడిగి తీసుకోండి.

సున్నిపెంట దాటి మధ్యాహ్నానికి శ్రీశైలం చేరతారు. భోంచేసి పెద్దవాళ్లను రెండు గంటలు పడుకోనివ్వండి. సాయంత్రం పాతాళగంగకు మెట్లు దిగొద్దు, రోప్‌వే ఉంది. ఆ చిన్న పెట్టెలో కూర్చుని నీళ్ల దాకా దిగుతుంటే లోయ ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది. అక్కమహాదేవి గుహలకు పడవలో వెళ్లడం చాలా బాగుంటుంది గానీ, దిగాక నడక, లోపల ఇరుకు. అది మీరు ఇంకోసారి స్నేహితులతో పెట్టుకోండి. దోర్నాల వైపు ఘాట్ గురించి కూడా అడిగారు. అడవి చాలా బాగుంటుంది, శిఖరేశ్వరం గుడి ఉన్న శిఖరం ఆ దారిలోనే, కానీ నది కనపడదు. ఈసారికి శిఖరం దాకా వెళ్లి వచ్చేయండి, ఎనిమిది కిలోమీటర్లే.

రెండో రోజు పొద్దున ఆరున్నరకు గది ఖాళీ చేసి లోయలోకి దిగండి. ఏడు, ఏడున్నర మధ్య బస్సులు, కార్లు తక్కువ. ఎండ ముందు కొండ పై అంచు మీద పడుతుంది, తర్వాత ఒక్కో అర కిందకు దిగుతూ వస్తుంది. ఫ్లాస్కులో టీ పోయించుకుని వెళ్తే, పిట్టగోడ పక్కన కారు ఆపి టీ తాగేలోపు గోడ రంగు మారడం చూడొచ్చు. అలా రెండు మూడు చోట్ల ఆగుతూ వెళ్లినా పదింటికి ఈగలపెంట, భోజనానికి కల్వకుర్తి చేరిపోతారు.

సీట్ల సంగతి ఒకటి మర్చిపోకండి. హైదరాబాద్ నుంచి వెళ్లేటప్పుడు వంతెన మీద డ్యామ్ కుడి చేతి వైపు వస్తుంది, అంటే మీ వైపు. నాన్నగారిని మీ వెనక సీటులో కూర్చోబెడితే ఆయనకు బాగా కనిపిస్తుంది. మీరు మాత్రం రోడ్డు మీద నుంచి చూపు తిప్పకండి. వచ్చేటప్పుడు డ్యామ్ ఎడమ వైపు. ముందు సీటులో ఉన్న అమ్మగారికి అద్దంలోంచి అడ్డం లేకుండా కనిపిస్తుంది. ఆ పొద్దున వెనక బండి లేకపోతే వంతెన మీద పది, పదిహేను వేగంతో పోనివ్వండి.